అక్కకు రాసిన ఉత్తరం



మా చిన్న మామయ్య, అనగా మా అమ్మగారి తమ్ముడు, 1982లో ఉద్యోగ నిమిత్తం అమెరికా వెళ్లి షికాగో దగ్గర స్థిరపడ్డారు. 1986లో తాతగారి రెండెకరాల మెట్ట విషయమై ఆయనకూ మా నాన్నగారికీ మాటామాటా వచ్చింది. అంతటితో అక్కాతమ్ముళ్ల మధ్య ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ తరువాత పెళ్లిళ్లలో కలిసినా కుశలప్రశ్నలతోనే సరి. 2022లో మామయ్య కన్నుమూశారు. మరుసటి ఏడు అత్తయ్య రమ్మంటే మేము అక్కడికి వెళ్లాము. బయలుదేరేటప్పుడు అమ్మ మమ్మల్ని అడిగినది ఒక్కటే: “వాడు నా గురించి ఎక్కడైనా ఒక మాట రాసుకున్నాడేమో చూడరా.”

మామయ్య ఇంటి నేలమాళిగలో ఒక పాత కంప్యూటరు ఉంది. దాని పేరు కొమొడోర్ 64. 1982లోనే అమ్మకానికి వచ్చింది. చూడడానికి లావుపాటి టైపు మిషను కీబోర్డులా ఉంటుంది. యంత్రమంతా అందులోనే ఇమిడి ఉంటుంది, టీవీకి తగిలిస్తే చాలు. దాని జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు. నేడు మన చేతిలోని నాలుగు గిగాబైట్ల సెల్‌ఫోనుకు దానికంటే 65 వేల రెట్లు ఎక్కువ. పక్కనే చెప్పుల అట్టపెట్టెలో ఫ్లాపీలు. ఒకదానిపై మామయ్య చేతిరాతతో తెలుగులో “అక్కకు” అని ఉంది.

ఆ రెండు మూడు అక్షరాలు చూసి మేము చాలాసేపు మెట్లమీదే కూర్చుండిపోయాము.

మామయ్య కొడుకు, మా బావమరిది, కంప్యూటర్ల పనే చేస్తాడు. యంత్రం వెలిగింది. ఫ్లాపీలో ఏ ఫైలు ఉన్నదో పేరు కనబడింది. అయితే దానిని తెరిచి చదివించే టైపింగు ప్రోగ్రాము ఉన్న ఫ్లాపీ చెడిపోయింది. ఉత్తరం ఉన్న ఫ్లాపీని నేటి కంప్యూటరు చదవలేదు. ఆ డ్రైవు రాసే తీరే వేరు. “బావా, ఒకటే దారి. ఈ పాతదానితో నా ల్యాప్‌టాప్‌కు ఫోను చేయించాలి” అన్నాడు తన వచ్చీరాని తెలుగులో.

పూర్వం కంప్యూటర్లు టెలిఫోను తీగ మీద మాట్లాడుకునేవి. అక్షరాలను శబ్దాలుగా, శబ్దాలను తిరిగి అక్షరాలుగా మార్చే పెట్టెను మోడెమ్ అంటారు. ఆ షికాగోలోనే 1978 ఫిబ్రవరిలో వార్డ్ క్రిస్టెన్సన్, ర్యాండీ స్యూస్ అనే ఇద్దరు, ఎవరైనా ఫోను చేసి కబురు వదిలి వెళ్లగల మొదటి కంప్యూటరు బులెటిన్ బోర్డును నడిపారు. ఇప్పుడు ఫోను తీగ బదులు వైఫై ద్వారా కలిపే చిన్న మోడెమ్‌లు వచ్చాయి. పాత కంప్యూటరుకు ఆ తేడా తెలియదు. పాత యంత్రాలు సేకరించే ఒక మిత్రుడు అటువంటి మోడెమ్‌నూ, సీసీజీఎంఎస్ అనే సంభాషణ ప్రోగ్రామును ఎక్కించిన ఫ్లాపీనీ ఇచ్చాడు.

ప్రోగ్రాము లోడు కావడానికే కొంతసేపు కాచుకోవాలి. తరువాత ‘ఏటీ’ అని కొట్టాము. “ఇటు విను” అని మోడెమ్‌ను పిలవడం అది. 1981 నాటి హేస్ మోడెమ్‌తో మొదలైన వాడుక. మోడెమ్ “ఓకే” అని బదులివ్వాలి. తెరమీద మాత్రం పిచ్చిగీతలు వచ్చాయి. కారణమేమంటే, మోడెమ్ సెకనుకు 300 బిట్ల వేగంతో, అనగా సుమారు 30 అక్షరాల చొప్పున మాట్లాడుతోంది. ప్రోగ్రాము 1200 వేగంతో వింటోంది. రెంటినీ 1200కు సరిచేశాక “ఓకే” అన్నది స్పష్టంగా కనబడింది. ల్యాప్‌టాప్ చిరునామాకు ఫోను కలిపాము. కలిసింది.

ఫైలు పంపమన్నాము. పది నిమిషాలైనా ఒక్క అక్షరం కదలలేదు. చూడగా, ఇటు ప్రోగ్రాము పంటర్ అనే పద్ధతిలో ఉంది, అటు ల్యాప్‌టాప్ ఎక్స్‌మోడెమ్ అనే పద్ధతిలో ఉంది. తప్పు యంత్రాలలో లేదు. రెండూ ఒక ఒప్పందానికి రాలేదు, అంతే.

రెండింటినీ ఎక్స్‌మోడెమ్‌కు మార్చాము. క్రిస్టెన్సన్ 1977లో రూపొందించిన పద్ధతి ఇది. ఇందులో ఫైలును 128 అక్షరాల ముక్కలుగా చేసి, ప్రతి ముక్కతోపాటు లెక్క చూసుకోవడానికి ఒక మొత్తాన్ని పంపుతారు. లెక్క సరిపోతే అవతలివాడు “అందింది” అంటాడు. సరిపోకపోతే “అందలేదు, మళ్లీ పంపు” అంటాడు. పంపేవాడు విసుక్కోకుండా ఆ ముక్కనే మళ్లీ పంపుతాడు. మా ఏడవ ముక్క రెండుసార్లు చెడి, మూడవసారికి చేరింది.

మాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి మరొకటి. ఈ పద్ధతిలో పంపేవాడు తనంతట తాను మొదలుపెట్టడు. “నేను వినడానికి సిద్ధం, పంపు” అని పుచ్చుకొనేవాడే ముందుగా సంకేతమివ్వాలి. అది వచ్చేవరకు పంపేవాడు చేతినిండా కబురు పెట్టుకొని ఊరకే కాచుకొని ఉంటాడు.

21 ముక్కలు చేరాయి. తెరిచి చూస్తే చిన్న అక్షరాలన్నీ పెద్దవిగా వచ్చాయి, పెద్ద అక్షరాలున్న చోట ఏవో గుర్తులు ఉన్నాయి. కొమొడోర్ అక్షరాలకు ఇచ్చే అంకెలు వేరట. ఇంగ్లీషు ఉత్తరమైతే ఎలాగో చదువుకొనేవాళ్లమే. కాని మామయ్య తెలుగును ఇంగ్లీషు లిపిలో కొట్టారు. ‘ల’కు చిన్న ఎల్, ‘ళ’కు పెద్ద ఎల్. బావమరిది అంకెలు మార్చే చిన్న ప్రోగ్రాము రాశాడు. వాడికి అక్షరాలు తెలుసు, తెలుగు అంతగా రాదు. మాకు తెలుగు వచ్చు, ఆ అంకెలు తెలియవు. ఇద్దరం ఒకే తెరమీద తలలు వంచి చదివాము. అత్తయ్య వెనుక నిలబడి ఉన్నారు.

తేదీ 1988 నాటిది. మా ఎనిమిదవ ఏట రాసిన ఉత్తరమన్నమాట. “అక్కా, ఆ చెక్క నాకు అక్కరలేదు. బావగారి మాటకు రోషపడ్డాను. తప్పు నాదీ ఉంది. ఇక్కడ మంచు పడుతుంటే మన వసారాలో నువ్వు పోసిన రాగిజావ జ్ఞాపకం వస్తోంది. నువ్వు ఒక్కసారి పిలిస్తే చాలు, నేను...”

అక్కడితో ఆగిపోయింది. తరువాత ఉన్నవి అర్థంలేని గుర్తులు. ఇంకా ఏదో చెడిందనుకొని మళ్లీ పంపించాము. అవే గుర్తులు వచ్చాయి. “బావా, చివరి ముక్క 128కి చాలకపోతే ఖాళీని ఇలా నింపుతారు. నాన్న రాసింది అంతే” అన్నాడు బావమరిది. వాడి గొంతు మారింది.

ఆ రాత్రి అమ్మకు ఫోను చేసి చదివి వినిపించాము. మనవైపు అప్పటికి తెల్లవారింది. చాలాసేపు అటునుండి మాట లేదు. ఫోను తెగిందేమోనని “అమ్మా, వినబడిందా?” అన్నాము. “వినబడిందిరా,” అన్నది. “వాడే ముందు రాస్తాడని నేను కూర్చున్నాను. ఇంకోసారి చదువు.”

మళ్లీ చదివాము.

పల్లెల్లో అన్నదమ్ముల తగవులు తీర్చడానికి మేము ఎన్నో అరుగుల మీద కూర్చున్నాము. తప్పు ఎవరిదని అడగడమే మాకు అలవాటు. ఇప్పుడు ముందుగా మరొక మాట అడుగుతున్నాము: “మీలో ఎవరు ఎవరి పిలుపు కోసం కాచుకొని ఉన్నారు?” తరచుగా ఇద్దరూ తలవంచుకుంటారు.

ప్రియులారా, మీకూ అటువంటి తమ్ముడో అక్కయ్యో ఉన్నట్లయితే, “చెప్పు, వింటున్నాను” అన్న మాట మీరే ముందు పంపండి. అవతలివారి చేతిలో ఉత్తరం సిద్ధంగా ఉండవచ్చు.