బొనేర్‌లో పసుపు రాళ్ల వెంట

బొనేర్‌లో డైవింగ్ చెయ్యాలంటే పడవ అక్కర్లేదు, పికప్ ట్రక్కు ఉంటే చాలు. వెనెజులాకు ఉత్తరాన కరీబియన్ సముద్రంలో ఉన్న ఈ చిన్న డచ్ దీవికి పడమటి ఒడ్డున రోడ్డు సాగుతుంది. దాని పక్కన అక్కడక్కడా పసుపు రంగు పూసిన రాళ్లు, ఒక్కో రాయి మీద ఒక్కో పేరు. రాయి దగ్గర బండి ఆపి, సిలిండర్ వీపున వేసుకుని నీళ్లలో దిగి కాస్త ఈదితే పగడాల దిబ్బ వచ్చేస్తుంది. అలాంటి చోట్లు యాభైకి పైగా ఉన్నాయి. మాకున్నది ఒక్క వారం.

మా బావ హ్యూస్టన్‌లోనే పేరున్న చోట్లన్నీ కాగితం మీద రాసుకున్నాడు. కానీ ఇక్కడ దిగగానే తోచిన చోట దూకనివ్వరు. దీవి చుట్టూ ఉన్న సముద్రం 1979 నుంచి రక్షిత ప్రాంతం. ముందు రుసుము కట్టాలి, నియమాలు వినాలి, ఒక పరీక్ష డైవ్ చెయ్యాలి. చేతులకు గ్లవ్స్ నిషేధం. గ్లవ్స్ ఉంటే మనిషి పగడాన్ని పట్టుకుంటాడు. నియమాలు చెప్పిన స్థానికురాలు బావ కాగితం చూసి నవ్వింది. "ఇది జేబులో పెట్టుకోండి. పొద్దున్నే గాలి చూడండి. తూర్పు ఒడ్డు జోలికి పోకండి. దిగాక ముందు ప్రవాహానికి ఎదురు ఈదండి, తిరిగొచ్చేటప్పుడు అదే మిమ్మల్ని తెస్తుంది" అంది.

ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం గాలి తూర్పు నుంచే వీస్తుంది. అందుకే తూర్పున అలలు విరుచుకుపడుతుంటే, పడమర చెరువులా ఉంటుంది. లోతైన డైవ్ పొద్దున, తక్కువ లోతుది తర్వాత అనుకుని, ముందు హిల్మా హూకర్‌కి వెళ్లాం. గంజాయితో పట్టుబడిన సరుకుల ఓడ అది. కట్టేసి ఉంచితే నీరు ఎక్కి, 1984 సెప్టెంబరు 12న మునిగిపోయింది. సుమారు 72 మీటర్ల పొడవున్న ఆ ఓడ 30 మీటర్ల లోతున ఇసుక మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆ లోతున గాలి త్వరగా అయిపోతుంది. నా గేజి చూసి బావ బొటనవేలు పైకెత్తాడు. నీటి కింద దాని అర్థం 'పైకి పోదాం' అని.

థౌజండ్ స్టెప్స్ అనే చోటు పేరు విని భయపడక్కర్లేదు, మెట్లు వంద కూడా ఉండవు. కాకపోతే సిలిండర్‌తో ఎక్కేటప్పుడు ఆ పేరు పెట్టినవాడి మీద గౌరవం కలుగుతుంది. ఉప్పు కంపెనీ రేవు కింద దిగాలంటే ముందు ఓడ ఉందో లేదో చూసుకోవాలి. ఓడ కట్టి ఉంటే డైవింగ్ ఉండదు. మేం వెళ్లినరోజు రేవు ఖాళీ. స్తంభాల నిండా స్పాంజీలు, పగడాలు, వాటి మధ్య చేపల గుంపులు. ఒడ్డున తెల్లటి ఉప్పు గుట్టలు.

ఇంకా దక్షిణాన రెడ్ స్లేవ్ అనే చోట బండి ఆపి నీటిని చూస్తూ నిలబడ్డాం. దీవి కొన దగ్గరపడే కొద్దీ ప్రవాహం బలంగా ఉంటుంది. "ఒరేయ్, ఇది మన వల్ల కాదు" అన్నాడు బావ. "పద బావా" అన్నాను. నీళ్లలోకి దిగలేదు గానీ, పక్కనే ఉన్న రాతి గుడిసెలు చూశాం. ఉప్పు మడుల్లో పనిచేసిన బానిసల కోసం 1850లో కట్టినవి. గుమ్మం నా నడుము ఎత్తుకు వచ్చింది. లోపల నిటారుగా నిలబడలేకపోయాను. ఇక్కడ బానిసత్వం రద్దయింది 1863లో.

అన్నిటికన్నా ఎక్కువ చూసింది మాత్రం ఊళ్లోనే, హోటళ్ల ముందరి బారీ రీఫ్‌లో. చిలుక చేపలు పగడపు రాతిని కొరుకుతుంటే ఆ కరకర నీళ్లలో స్పష్టంగా వినిపించింది. ఒక పెద్ద గ్రూపర్ చేప, మంగలి ముందు కూర్చున్న పెద్దమనిషిలా, నోరు తెరిచి కదలకుండా ఉంది. వేలెడు లేని చేపలు దాని దవడల్లోకి దూరి శుభ్రం చేస్తున్నాయి. మేం ఊపిరి నెమ్మదిగా వదులుతూ గేజి సగానికి వచ్చేదాకా అక్కడే ఉన్నాం. ఆ చోటు బావ కాగితంలో లేదు.

అక్కడక్కడా పగడాల మీద తెల్లటి మచ్చలూ కనిపించాయి. పగడాల కణజాలాన్ని తినేసే రోగం 2023లో ఈ దీవికి చేరింది. మెదడు ఆకారపు పగడాలకు అది త్వరగా సోకుతుంది.

వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మొదటి రోజు ఊళ్లోనే దిగండి. లోతు డైవ్ ఒంట్లో ఓపిక ఉన్న పొద్దునే పెట్టుకోండి. గట్టి అడుగున్న బూట్లు తీసుకెళ్లండి, అక్కడి ఒడ్డు నిండా విరిగిన పగడపు ముక్కలే. పగడాల రోగం పాకకుండా, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి పోయే ముందు సామాను మందు కలిపిన నీళ్లలో కడగండి. దిగాలనిపించని చోట దిగకండి; పక్క పసుపు రాయి ఎంతో దూరం ఉండదు.