కడపటివాడికి మొదటి వంతు

పిల్లలూ! నేను 34 ఏళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పి, చివరి తొమ్మిదేళ్ళూ ప్రధానోపాధ్యాయుడుగా ఉండి, విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. బడి వదిలాను గాని, పాఠాలు నేర్చుకోవటం మానలేదు. ఆ మధ్య ఒక పాఠం నాకు అమెరికాలో, అదీ నడిరోడ్డు మీద దొరికింది.

మా అమ్మాయి, అల్లుడు ఫ్లారిడా రాష్ట్రంలో టాంపా అనే ఊళ్ళో ఉంటున్నారు. వాళ్ళను చూడబోయినప్పుడు ఒకనాడు అందరం కారులో వెళుతున్నాం. అక్కడి పెద్ద రహదారికి "లీ రాయ్ సెల్మన్" అని పేరు రాసి ఉంది.

"ఈయన ఎవర్రా? మంత్రిగారా, గవర్నరుగారా?" అని మా మనుమణ్ణి అడిగాను.

"కాదు తాతయ్యా, ఫుట్‌బాల్ ఆటగాడు," అన్నాడు వాడు.

"అయితే చాలా ఆటలు గెలిపించి ఉండాలి!"

వాడు పకపకా నవ్వి, "మొదటి ఏడు ఆయన జట్టు ఒక్క ఆట కూడా గెలవలేదు తాతయ్యా!" అన్నాడు.

ఓడిన జట్టువాడి పేరు రహదారికి పెట్టటమేమిటని నాకు ఆశ్చర్యం వేసింది. ఆ సాయంత్రం వాడు కొంత చెప్పాడు, మా అల్లుడు కొంత చెప్పాడు, మిగిలినది నేను చదివి తెలుసుకున్నాను. అంతా కలిపి మీకు చెబుతాను.

ముందు ఆ ఆట సంగతి. పేరు ఫుట్‌బాల్ అయినా, అమెరికావాళ్ళు అందులో కాలి కంటె చేతికే ఎక్కువ పని పెడతారు. బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొసలూ కోసుగా, పెద్ద కోడిగుడ్డులా ఉంటుంది. జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టు దాన్ని పట్టుకుని పరుగెత్తి గాని, విసిరి గాని ముందుకు తీసుకుపోవాలి. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు, అంటే 30 అడుగులు, సాగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. లేకపోతే బంతి ఎదుటివారిది. వారు ఊరుకుంటారా? మన కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి పట్టినట్టు, బంతి పట్టుకున్నవాణ్ణి పట్టి పడేస్తారు. ఎదుటి కొస గీత దాటి బంతి చేరవేస్తే 6 పాయింట్లు. దాన్ని టచ్‌డౌన్ అంటారు.

1976లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో రెండు కొత్త జట్లు చేరాయి. ఒకటి సియాటిల్‌ది, రెండోది టాంపాది. టాంపా జట్టుకు బకనీర్స్ అని పేరు పెట్టారు. ఆ మాటకు సముద్రపు దొంగలని అర్థం. కొత్త జట్లకు ఆటగాళ్ళు ఎక్కణ్ణించి వస్తారు? పాత జట్లు తమకు ముఖ్యమైనవారిని ఉంచుకుని, మిగిలినవారి పేర్లు ఇచ్చాయి. వారిలో నుంచి కొత్త జట్లు చెరి 39 మందిని ఏరుకున్నాయి. పంక్తి లేచాక కూర్చున్న అతిథుల విస్తరి ఎలా ఉంటుందో, ఈ జట్టూ అలాగే తయారైంది. వాళ్ళు అదివరకు కలిసి ఆడినవారు కూడా కారు.

శిక్షకుడు మాత్రం సామాన్యుడు కాడు. జాన్ మెకే అనే ఆయన కాలేజీ జట్టుకు శిక్షణ ఇచ్చి నాలుగుసార్లు దేశమంతటికీ మొదటి స్థానం తెచ్చినవాడు. అంతటివాడు ఉండి కూడా ఏం జరిగింది? మొదటి ఆట 20–0తో పోయింది. రెండోది 23–0. తమలాగే కొత్తదైన సియాటిల్ మీద అయినా గెలుస్తారనుకుంటే, అదీ 13–10తో పోయింది. ఆ ఏడు 14 ఆటలు ఆడి 14 ఓడారు. అందులో అయిదు ఆటలలో ఒక్క పాయింటు కూడా రాలేదు. మొత్తం మీద వాళ్ళు చేసినవి 125 పాయింట్లు, ఎదుటివారికి ఇచ్చినవి 412. దేశమంతా వారిని వేళాకోళం చేసింది.

ఇక్కడే నాకు నచ్చిన సంగతి ఒకటి ఉన్నది. ఏటా కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్ళను జట్లు వరసగా ఎంచుకుంటాయి. ఆ వరసలో మొదటి వంతు ఎవరిది? గెలిచినవాడిది కాదు, కడపట నిలిచినవాడిది! గెలిచిన జట్టుది చిట్టచివరి వంతు. బలవంతుడే ఎప్పుడూ బలవంతుడుగా ఉంటే ఆట చూడటానికి జనం రారు గనక, బుద్ధిగా పెట్టుకున్న నియమం ఇది.

1976లో కొత్త జట్టు గనక టాంపాకు మొదటి వంతు దొరికింది. అప్పుడు ఎంచుకున్నవాడే లీ రాయ్ సెల్మన్. ఓక్లహోమాలో ఒక రైతు కుటుంబంలో తొమ్మిదిమంది పిల్లలలో కడగొట్టువాడు. 1977లో, కడపట నిలిచారు గనక, మొదటి వంతు మళ్ళీ వారిదే. ఈసారి రికీ బెల్ అనే పరుగుల వీరుణ్ణి తెచ్చుకున్నారు.

అయితే విత్తనం వేసిన నాడే చెట్టు కాయదు గదా! రెండో ఏడు కూడా మొదటి 12 ఆటలూ ఓడిపోయారు. మొత్తం వరుసగా 26 ఓటములు. 1977 డిసెంబరు 11న న్యూ ఆర్లియన్స్‌లో 27వ ఆట జరిగింది. ఆనాడు ఎదుటివారు విసిరిన బంతిని టాంపావాళ్ళు ఆరుసార్లు మధ్యలోనే అందుకున్నారు. అందులో మూడుసార్లు ఆ బంతితోనే పరుగెత్తి గీత దాటేశారు. 33–14తో గెలిచారు! ఊరు చేరేసరికి వేలకొద్దీ జనం ఎదురువచ్చారు. మరుసటి వారం సొంత ఊళ్ళో ఇంకొక ఆట గెలిచారు.

1979లో అదే జట్టు, అదే శిక్షకుడు, 16 ఆటలలో పది గెలిచి తమ విభాగంలో మొదట నిలిచారు. రికీ బెల్ ఆ ఏడు 1,263 గజాలు పరుగెత్తాడు. ఎదుటివారిని అడ్డుకోవటంలో లీగ్ మొత్తానికి ఉత్తముడని సెల్మన్‌కు బహుమానం వచ్చింది. ఆయన 2011లో పోయాడు. పేరు రహదారి మీద ఉండిపోయింది.

ఈ కథ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుచేతనో చెబుతాను.

నేను పెద్ద మాస్టారుగా ఉన్న బడిలో ఆడపిల్లల ఖోఖో జట్టు ఉండేది. మూడేళ్ళు వరుసగా పోటీలకు వెళ్ళి, మూడేళ్ళూ మొదటి ఆటలోనే ఓడి వచ్చింది. నాలుగో ఏడు డ్రిల్లు మాస్టారు ఆ జట్టు బస్సు ఖర్చుల కాయితం నా బల్ల మీద పెట్టాడు.

"ఓడి రావటానికి ఖర్చు కూడానా? ఆ డబ్బు పెట్టి కబడ్డీ పిల్లలకు కొత్త బనియన్లు కొనండి. వాళ్ళయితే గెలుస్తారు," అని కాయితం తిప్పి పంపాను.

మర్నాడు ఖోఖో జట్టు నాయకురాలు, పదో తరగతి పిల్ల, నోటుపుస్తకం పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. "సార్, మొదటి ఏడు 13 పాయింట్ల తేడాతో ఓడిపోయాం. రెండో ఏడు 8. పోయిన ఏడు 3. ఈసారి..."

"ఓటమి ఎంతయినా ఓటమే. వెళ్ళి చదువుకో," అన్నాను.

ఆ పిల్ల మారుమాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ ఏటితో దాని బడి చదువు పూర్తి అయింది. దానికి మరొక ఏడు లేదు.

పిల్లలూ, నేను లెక్కల మాస్టారినని చెప్పాను గదా! 13, 8, 3 తరవాత ఏ అంకె వస్తుందో మీరే చెప్పండి. ఏటేటా 5 తగ్గుతున్నది. మూడులో అయిదు పోతే? అంటే ఈసారి రెండు పాయింట్లతో గెలుపు! లెక్క ప్రకారమే ఆట జరుగుతుందని నేననను. మళ్ళీ ఓడినా ఓడేవారేమో. కాని తరగతిలో రోజూ అడిగే లెక్క ఆ పిల్ల నా ముందు పెడితే నేను చూడలేదు. కడపట ఉన్నవారికి మొదటి వంతు ఇవ్వవలసినవాణ్ణి, ఉన్న వంతు కూడా తీసి గెలిచేవారికి ఇచ్చాను.

అందుచేత తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. పిల్లవాడు మార్కుల కార్డు తెస్తే, దాని పక్కన కిందటి కార్డు కూడా పెట్టి చూడండి. మీరు కూడా, పిల్లలూ, ఓడి వచ్చిన నాడు ఎంత తేడాతో ఓడారో పుస్తకంలో రాసి ఉంచుకోండి. పెద్దవాళ్ళెవరైనా చూడకపోతే, ఇంకొకసారి చూపించండి.