తొమ్మిది వందల నలభై నాలుగు

శుక్రవారం పొద్దున్నే ఐన్ ఖాలిద్‌లో మా విల్లాల వెనకున్న ఖాళీ స్థలంలో పిల్లలు టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడతారు. ఎండ ముదరకముందే ఆట ముగించాలి. ఆమధ్య ఒక శుక్రవారం మా పదేళ్లవాడి జట్టు చిత్తుగా ఓడిపోయింది. అవతలివాళ్లు ఎనిమిది ఓవర్లలో 141 కొడితే మనవాళ్లు 23కే ఆలౌట్! మావాడు వేసిన ఒక్క ఓవర్లోనే 28 పరుగులు. ఇంటికొచ్చి బ్యాటు మంచం కిందకి తోసేసి, "ఇక నేను వెళ్లను నాన్నా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం తెలుగు బడి హోంవర్కు ముందేసుకుని కూర్చున్నాం. పెద్ద సంఖ్యలను అక్షరాల్లో రాయాలట. "944 రాయి" అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. ఆవిడది సికింద్రాబాద్, నాది గుంటూరు జిల్లా. పెళ్లయినప్పటి నుంచీ ఆ సంఖ్యతోనే నన్ను ఏడిపిస్తోంది!

సంగతేమిటంటే, 1993-94 రంజీ సీజన్లో సికింద్రాబాద్ జింఖానా మైదానంలో మా ఆంధ్ర జట్టు మీద వాళ్ల హైదరాబాద్ జట్టు ఆరు వికెట్లకు 944 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. ఆ ముగ్గురివే 784! రంజీ ట్రోఫీలో అంత స్కోరు మరే జట్టూ చేయలేదు. శ్రీధర్ క్రీజులో ఉండగానే 850 పరుగులు వచ్చాయి. తమాషా ఏమిటంటే, 2017లో కన్నుమూసిన ఆ డాక్టరుగారు పుట్టింది మా విజయవాడలోనే!

మావాడు పెన్సిలు ఆపేశాడు. "మరి ఆంధ్రా బౌలర్లు మధ్యలో ఇంటికి వెళ్లిపోలేదా?"

"ఎలా వెళతార్రా? వాళ్లు డిక్లేర్ చేసేదాకా బంతి వేయాల్సిందే. ఆ మాత్రం డిక్లేర్ కూడా లేని ఆట ఇంకోటుంది" అని మా బావమరిది చెప్పిన బేస్‌బాల్ కథ చెప్పాను. ఆయన ఉండే డల్లాస్‌కు దక్షిణాన ఎన్నిస్ అనే ఊరుంది. 1902 జూన్ 15న అక్కడ కార్సికానా జట్టు టెక్సార్కానా జట్టును 51-3 తేడాతో ఓడించింది. ఆదివారం కార్సికానాలో ఆడనివ్వరని ఆ ఊరికి వెళ్లి ఆడారట. క్లార్క్ అనే ఒక్క ఆటగాడే ఎనిమిది హోమ్‌రన్లు కొట్టినట్టు రికార్డుల్లో ఉంది. ఆ ఆటలో ముగ్గుర్ని ఔట్ చేస్తేగానీ అవతలివాళ్ల వంతు ముగియదు. చచ్చినట్టు బంతి విసరాల్సిందే.

"ఆ విసిరినాయనకు ఏడుపు రాలేదా?"

"వచ్చే ఉంటుంది. అయినా విసిరాడు."

వాడింకేమీ అడగలేదు. నోటుబుక్కులో "తొమ్మిది వందల నలభై నాలుగు" అని రాశాడు. నేను చెప్పకుండానే దాని కింద "ఇరవై మూడు" అనీ, "ఇరవై ఎనిమిది" అనీ రాశాడు. వత్తులన్నీ సరిగ్గానే పడ్డాయి.

తర్వాతి శుక్రవారం తెల్లవారుజామున మంచం కింద చప్పుడైతే లేచి చూశాను. బ్యాటు బయటికి లాగుతున్నాడు. ఆ రోజూ ఓడిపోయారు. కానీ వాడి ఓవర్లో ఇచ్చింది పదకొండే! ఇంటికి రాగానే వాళ్లమ్మతో ఆ మాటే ముందు చెప్పాడు, అదీ తెలుగులో.