షల్ బి పక్కన దూరిన మాట

ఆదోని, ఎమ్మిగనూరు తండాల్లో గ్రూప్స్‌కు చదివే మనోళ్లందరికీ ఈ పోస్టు. మనం "జాగ్రత్తగా చూడాల" అంటాం. క్రియ ఒకటే ముద్ద. ఇంగ్లీషులో అది మూడు ముక్కలు: మస్ట్, బి, చెక్డ్. ఆల్వేస్ లాంటిది మస్ట్ పక్కనే కూర్చుంటుంది. కేర్‌ఫుల్లీ అయితే చెక్డ్‌కు ముందో, వెనకో. చూడాల్సింది ఎవరో మాత్రం వాక్యంలో కనపడరు!

ఇది ఒట్టి గ్రామరే అనుకునేటోళ్లు రాజ్యాంగం 335వ అధికరణ తెరవండి. ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీల క్లెయిములు 'షల్ బి టేకెన్ ఇంటు కన్సిడరేషన్'. ఆ వెంటనే కామా, 'కన్సిస్టెంట్లీ'. అంటే పాలనా సామర్థ్యం చెడకుండా అని. 1996లో సుప్రీంకోర్టు ఈ అధికరణనే చూపి, ప్రమోషన్లలో మనకు మార్కుల సడలింపు కుదరదంది. మళ్లీ ఆ సడలింపు ఇచ్చుకోవడానికి 2000లో 82వ సవరణ కావాల్సొచ్చింది.