హిందూపురం రేవు నుంచి

మా హిందూపురంలో ఏం లేవో చెప్పండి చూద్దాం. చింతపండు మార్కెట్టుంది, బెల్లం మండీలున్నాయి, పట్టుగూళ్ళ బేరాలున్నాయి, తెల్లారగానే జనాన్ని బెంగుళూరు మోసుకుపోయే రైళ్ళున్నాయి. పదిహేను కిలోమీటర్లు పోతే లేపాక్షి బసవన్న తీరిగ్గా కూర్చుని ఉంటాడు. లేనిదల్లా ఒక్క సముద్రమే! తూర్పుకి పోయినా, పడమరకి పోయినా మూడు వందల కిలోమీటర్లకి పైమాటే. పైగా ఊరేమో సముద్రమట్టానికి రెండువేల అడుగుల ఎత్తున ఉంది. నంది కొండల్లో పుట్టిన పెన్నేరు మా పక్కనించే పోయి, మొత్తం 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు సీమలో సముద్రాన్ని కలుస్తుంది గాని, అందులో నీళ్ళు చూసిన ఏళ్ళకంటే ఇసుక చూసిన ఏళ్ళే ఎక్కువ మాకు.

అలాంటి ఊళ్ళో, మా ఇంటి గేటులోంచి ఒక ఓడ బయల్దేరింది.

కారణం మా ఆయనగారి రక్తంలోని చక్కెర. డాక్టరుగారు కాగితం చూసి, కళ్ళజోడు తీసి, "రోజూ నడవండి" అన్నారు. మా ఆయన ఆ సాయంత్రమే ఖరీదైన బూట్లు కొన్నారు. రెండు రోజులు నడిచారు. మూడోనాటినించి బూట్లు అలమరలోనూ, ఆయన పేపరు వెనకాలా స్థిరపడ్డారు. నన్ననుకుంటే నేనేం తక్కువ కాదు. నా నవలల్లో నాయికలందరూ సముద్రపు ఒడ్డున తెగ నడిచారు. మనసు బాగోకపోతే నడక, ప్రేమ కలిగితే నడక, పెళ్ళి తప్పిపోతే మరీ దూరం నడక! వాళ్ళని అంతలేసి దూరాలు తిప్పిన నేను మాత్రం వంటింటికీ రాతబల్లకీ మధ్య రాకపోకలతోనే నలభైల్లో పడ్డాను.

అప్పుడు డిగ్రీ చదివే మా అమ్మాయి కల్పించుకుంది. "నాయనా, నువ్వొక్కడివీ నడవలేవుగాని, ఇంటిల్లిపాదీ ఓడెక్కుదాం" అంది.

ఆ ఓడ కథ మీరూ వినే ఉంటారు. 2017 సెప్టెంబరు 10న మన నౌకాదళానికి చెందిన ఆరుగురు ఆడపిల్లలు తారిణి అనే తెరచాప పడవలో గోవానించి బయల్దేరారు. పడవ పొడవు పట్టుమని 17 మీటర్లు. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఫాక్‌లాండ్ దీవులు, కేప్‌టౌన్, మారిషస్‌లలో ఆగుతూ, 21,600 నాటికల్ మైళ్ళు చుట్టి 2018 మే 21న మళ్ళీ గోవా చేరారు. నాయకురాలు వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు మన తెలుగు పిల్లలు, విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య. దారిలో దక్షిణాన నలభయ్యో అక్షాంశం దాటాక వీచే హోరుగాలుల్ని నావికులు 'గర్జించే నలభైలు' అంటారట. మా అమ్మాయి ఈ ముక్క చదవగానే మా ఆయన నావైపు చూసి, "సరైన పేరే పెట్టారు" అన్నారు.

ఇక లెక్కలు మొదలయ్యాయి. నేను బి.ఏ. దాన్ని గనక ఆ పని మా ఇంటర్ చదివే అబ్బాయిది. నాటికల్ మైలంటే 1,852 మీటర్లు. అత్తయ్యతో కలిపి ఇంట్లో అయిదుగురం. అందరి నడకా కలిపి రోజుకి ఇరవై కిలోమీటర్లనుకున్నా, ప్రపంచం చుట్టేసరికి అయిదేళ్ళు దాటుతుంది. అందుకని మొదటి మజిలీ చాలనుకున్నాం. గోవానించి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవుకి సుమారు 4,800 నాటికల్ మైళ్ళు. తారిణికి నలభై మూడు రోజులు పట్టింది. మాకు 444 రోజులు పడుతుందని తేలింది. గోడమీద పటం అంటించారు. గుండుసూదికి ఎర్ర కాగితం తెరచాప తగిలించారు. ఏ రోజు ఎంత నడిచామో రాసే పుస్తకం అత్తయ్యకి అప్పగించారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఆవిడెక్కడ నడుస్తుంది పాపం, అని.

"యాడ సముద్రమురా మనకి? కుళాయి నీళ్ళకే బిందెలు పెట్టుకోని కాచుకున్న ఊరు!" అంది అత్తయ్య. కాని కళ్ళజోడు తుడుచుకుని పుస్తకం మాత్రం అందుకుంది.

మొదటి పదిహేను రోజులూ మా ఆయనా పిల్లలూ పోటీలుపడి నడిచారు. పొద్దున అయిదున్నరకి ముగ్గురూ పెనుకొండ రోడ్డు పట్టుకునేవారు. పుస్తకంలో నా పేరు పక్కన మాత్రం సున్నాలే. అయిదున్నరకి నేను పాలు కాయాలా, చట్నీ రుబ్బాలా, మూడు క్యారియర్లు సర్దాలా! నడిచొచ్చినవాళ్ళు చెమటలు తుడుచుకుంటూ, "అబ్బ, ఎంత హాయిగా ఉందో! నువ్వూ రావాల్సింది" అనేవారు, వేడి కాఫీ అందుకుంటూ.

ఒక ఆదివారం మా అమ్మాయి తన ఫోను నా చీర కుచ్చిళ్ళ దగ్గర దోపింది. రాత్రికి చూస్తే ఆరువేల పైచిలుకు అడుగులు! గడప దాటకుండానే. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా ఆయన మాత్రం ఓడ చట్టం తీశారు. "గేటు దాటి వేసిన అడుగే లెక్క. ఇంట్లో తిరిగితే రేవులో తిరిగినట్టు. అయినా నీకింక వేరే నడకెందుకు? వంటే వ్యాయామం!"

అత్తయ్య పుస్తకం మూసి కొడుకువైపు చూసింది. "ఏమప్పా, ఓడలో వంట చేసేటోడు ఓడలో ఉన్నట్లా, గట్టున ఉన్నట్లా?"

ఇల్లంతా నిశ్శబ్దం. ఆవిడ నా పేరు పక్కన ఆరువేలూ వెయ్యబోయింది. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

"వద్దత్తా. అవి నా లెక్కలో రాయొద్దు" అన్నాను. ఎందుకో చెప్తాను, మీకైతే ఇట్టే అర్థమవుతుంది. ఒంటికి ఏ అడుగైనా అడుగే కావచ్చు. కాని వంటింటి అడుగుల్ని నడక కింద జమకట్టించుకుంటే రేపట్నించి వంటిల్లే నా సముద్రం అయిపోతుంది. నాకు కావలసింది అంకె కాదు. పొద్దున నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ పొయ్యి దగ్గర ఇంకొకరెవరైనా నిలబడాలి.

తారిణిలో ఆరుగురే ఉన్నారు గదా, వాళ్ళకి వండిపెట్టడానికి ఏడో మనిషి లేదు. చుక్కాని దగ్గర వంతు, తెరచాపల దగ్గర వంతు, నిద్రకి వంతు. ఒకరు నిద్రపోవాలంటే ఇంకొకరు మేలుకోవాలి. ఊరికే కూర్చుని ప్రయాణం చేసేవాళ్ళకి అంత చిన్న పడవలో చోటుండదు. ఇళ్ళల్లో మాత్రం మనం ఎంతమంది ప్రయాణికుల్ని మోస్తామో! "మీరు వ్యాయామం చెయ్యరేమండీ" అని పత్రికలూ డాక్టర్లూ మనల్నడుగుతారు గాని, ఆ వేళకి పొయ్యి దగ్గర ఎవరుంటారని మనవాళ్ళని ఎవరైనా అడిగారా, మీరే చెప్పండి?

మర్నాడు క్యాలెండరు మీద వంతులు రాశాం. సోమ, గురువారాలు మా ఆయన. మంగళ, శుక్రవారాలు అమ్మాయి. బుధ, శనివారాలు అబ్బాయి. ఆదివారం నేను. మొదటి సోమవారపు ఉప్మా సముద్రపు దొంగల మీదికి ఫిరంగిలో వేసి పేల్చడానికి పనికొచ్చేది. ఎవ్వరం నోరెత్తలేదు. మా అబ్బాయి రాగిజావ తప్ప ఇంకోటి నేర్చుకోలేదు. పోనీలెమ్మని వారానికి రెండురోజులు జావే తాగుతున్నాం. నేను మాత్రం అయిదున్నరకి గేటు తీసుకుని బయటపడుతున్నాను. తెల్లారగట్ట మా ఊరి గాలిలో చలి ఉంటుందనీ, రైలు కూత అంత దూరం వినిపిస్తుందనీ ఇరవై ఏళ్ళు ఇక్కడ కాపురం చేసి ఇప్పుడు తెలుసుకున్నాను.

అసలు ఈ ప్రయాణంలో నేను ఊహించనిది అత్తయ్య. మామగారు పోయినప్పటినించీ ఆవిడ గేటు దాటడమే అరుదు. ఒకనాటి సాయంత్రం పుస్తకంలో అందరి లెక్కలూ రాసి, తన పేరు పక్కన ఖాళీ చూసి, "నా వరస బోసిగా ఉందమ్మా" అంది. చెప్పులేసుకుంది. నా భుజం పట్టుకుని వీధి చివర వేపచెట్టుదాకా వచ్చింది. రానూ పోనూ 640 అడుగులు. తనే రాసుకుంది, అంకె కింద రెండు గీతలు గీసి మరీ.

పదివేల అడుగులు వెయ్యకపోతే ఏం లాభం అనుకుంటాం గదా. ఆ పదివేలు వైద్యులు తేల్చిన లెక్క కాదట! 1965లో జపానులో అడుగులు కొలిచే యంత్రం ఒకటి అమ్మకానికి పెట్టి, దానికి 'పదివేల అడుగుల మీటరు' అని పేరెట్టారు. ఆ పేరే లోకమంతా పాకింది. 2019లో అమెరికాలో ఐ-మిన్ లీ అనే ఆవిడా, తోటివాళ్ళూ, సగటున డెబ్బై రెండేళ్ళున్న పదహారువేల మందికి పైగా స్త్రీలని పరిశీలించారు. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళలో కంటే 4,400 వేసేవాళ్ళలో చావులు బాగా తక్కువట. 7,500 దాటాక పెద్ద తేడా లేదట. ఇది చదివి వినిపిస్తే అత్తయ్య, "పదివేలని బెదిరించి ముసిలోళ్ళని కూలేసినారు గదే" అంది. ఇప్పుడావిడ పొద్దునా సాయంత్రమూ కలిపి రెండువేలు దాటుతోంది. ఆంజనేయస్వామి గుడిదాకా వెళ్ళి, అక్కడ పాత స్నేహితురాళ్ళతో ఒక గంట 'లంగరు' వేసి వస్తోంది.

గోవా పదిహేనున్నర డిగ్రీల ఉత్తరాన ఉంది. డిగ్రీకి అరవై నాటికల్ మైళ్ళు. అంటే భూమధ్యరేఖకి తక్కువలో తక్కువ 930. తొంభై ఒకటో రోజున మా గుండుసూది ఆ రేఖ దాటింది. రేఖ దాటినప్పుడు ఓడల్లో వేడుక చేసుకోవడం పాత ఆచారమట. మేం ఓళిగలు చేసుకున్నాం. మా ఆయనకి సగం ముక్క. డాక్టరుగారు మాత్ర తగ్గించలేదు గాని, చక్కెర కాస్త దిగిందన్నారు. ఆ కాగితాన్ని ఆయన పటం పక్కనే అంటించుకున్నారు.

ఇంకా మూడు వంతుల పైచిలుకు దూరముంది. చుట్టూ హిందూ మహాసముద్రం, కనుచూపు మేర గట్టు లేదు. ఇది రాస్తుండగా వంటింట్లోంచి మాడు వాసన వస్తోంది. ఇవాళ గురువారం. నేను లేవడం లేదు.