అతుకులోని కిటుకు

జిగురంటే మనకు చులకన. పుస్తకం అట్ట ఊడితే మైదాపిండి ఉడికిస్తాం. గాలిపటం చిరిగితే అన్నం మెతుకు చాలునంటాం. సైకిలు ట్యూబుకు చిల్లి పడితే వీధి చివర పంక్చర్లు వేసే కుర్రవాడున్నాడు గదా అని ధైర్యం! దేనికి ఏ జిగురు పనికివస్తుందన్నది ప్రాణంతో ముడిపడిన విషయమని సాధారణంగా ఎవరికీ తోచదు. స్కాట్లండులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి అది బాగా తెలుసు. వాడికి సముద్రంలో దిగే సరదా పట్టుకుంది.

స్కాట్లండుకు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల నడుమ స్కాపా ఫ్లో అనే సముద్రపు మడుగు ఉంది. 1919లో జర్మన్లు తమ యుద్ధనౌకలను తామే అక్కడ ముంచివేశారు. వాటిలో 7 పెద్ద నౌకలు నేటికీ అడుగున ఉన్నాయి. వాటిని చూడబోయేవారు డ్రైసూట్ తొడుక్కుంటారు. చుక్క నీరు లోపలికి రానివ్వని అంగీ అది. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. అంచేత ఆ చలినీళ్లలో, 30 మీటర్ల లోతున, అంగీకి చిల్లి పడితే ఒళ్లు తడవటంతో పోదు.

మొన్న వేసవిలో అక్కా నేనూ వాడింటికి వెళ్లాం. ఒక శనివారం వాడు అంగీని బల్లమీద పరిచి, మెడా మణికట్లూ బిగించి, గాలి నింపి సబ్బునీళ్లు పూశాడు. మోచేతి దగ్గర బుడగలు లేచాయి. అచ్చం మన సైకిలు షాపు పద్ధతే!

“ఒరే, ఒక్క చుక్కతో పట్టేసే జిగురు నా పెట్టెలో ఉంది, తెమ్మంటావా?” అంది అక్క. తెల్లవారితే వాడి ప్రయాణం.

“వద్దమ్మా. అది ఎండితే గాజులా గట్టిపడుతుంది. మోచెయ్యి వంచితే పగులుతుంది.”

వాడి అంగీ గుడ్డ మూడు పొరలది. పైనా కిందా నైలాను, నడుమ రబ్బరు. 1823లో గ్లాస్గో వాడైన చార్లెస్ మాకింటాష్ కరిగించిన రబ్బరును రెండు గుడ్డల మధ్య పూసి వానకోటు గుడ్డ తయారుచేసిన తీరే ఇదీను. ఇటువంటి గుడ్డలో సన్నని చిల్లికి, ఎండినా సాగే యూరిథేన్ జిగురు లోపలివైపు పూయాలట. నియోప్రీన్ అంగీ అయితే రెండంచులకూ నియోప్రీన్ జిగురు రాసి, తడి ఆరాకనే అదమాలి. మణికట్టు పట్టీ సిలికానుదైతే సిలికాను జిగురు తప్ప మరొకటి అంటదు. ముందుగా ఉప్పూ జిడ్డూ తుడవకపోతే ఏదీ నిలవదు.

తెలుగు చెప్పుకునేవాణ్ణి గదా, నాకు సంధి సూత్రాలు గుర్తుకువచ్చాయి. ‘మా’, ‘అమ్మ’ సూటిగా అతకవు. నడుమ యకారం వస్తే ‘మాయమ్మ’ అని హాయిగా కలుస్తాయి. మరో అక్షరం పెడితే మాటే చెడుతుంది.

మేనల్లుడు చిల్లి చుట్టూ స్పిరిటుతో తుడిచి, జిగురు పలచగా పరిచాడు. అది గట్టిపడటానికి ఒక రాత్రి చాలదన్నాడు.

“మరి రేపటి ప్రయాణంరా?” అన్నాను.

“పడవ మళ్లీ వస్తుంది మామయ్యా,” అన్నాడు, జిగురు మూత బిగిస్తూ.

కొడుకు సముద్రంలో దిగుతున్నాడంటేనే గుండె దడదడలాడే అక్క ఆ మాట విని ఏమీ అనలేదు. కాని ఆ రాత్రి వాడికిష్టమని గుత్తివంకాయ కూర చేసింది, మేం వెళ్లాక మొదటిసారి నిశ్చింతగా నిద్రపోయింది.