చెట్టు కింది వరసలు

టెర్రాఫామ్‌కి స్వయంగా ఏ క్లౌడూ తెలీదు. ఏడబ్ల్యూఎస్‌తో మాట్లాడాలన్నా, ఇంకోదానితో మాట్లాడాలన్నా ప్రొవైడర్ అనే ప్లగిన్ కావాలి. మన కోడ్‌కి ఏ ప్లగిన్లు, ఏ వెర్షన్లు కావాలో, వాటిని ఏ మాడ్యూల్ అడుగుతోందో ‘టెర్రాఫామ్ ప్రొవైడర్స్’ అనే కమాండ్ చెట్టులా గీసి చూపిస్తుంది. రెండు మాడ్యూళ్లు ఒకే ప్లగిన్‌కి పొసగని వెర్షన్లు అడిగి ఇనిట్ ఆగిపోతే, తగువెక్కడో ఇక్కడే తెలుస్తుంది.

నాకు మాత్రం ఆ చెట్టు కింద వచ్చే రెండో భాగం ఇష్టం. పైన ఉండేవి కోడ్ అడిగేవి. కింద ఉండేవి స్టేట్ ఫైల్‌కి ఇంకా అవసరమైనవి.

సీనియర్ల ప్రాజెక్ట్ మా టీమ్‌కి వచ్చినప్పుడు పైన ఒక్క ప్రొవైడరే ఉంది. కింద మాత్రం రెండు! ‘టెర్రాఫామ్ స్టేట్ లిస్ట్’ కొడితే వేరే క్లౌడ్‌లో ఒక సర్వర్ బయటపడింది. కోడ్‌లో ఆ లైన్లు తీసేశారు గానీ, తర్వాత అప్లై చేయలేదు. సర్వర్ నడుస్తూనే ఉంది. పాసవుటైన ఒక అన్న సొంత కార్డు మీద నెలనెలా బిల్లు పడుతూనే ఉంది. ఆయనకి అప్పటికింకా ఉద్యోగం రాలేదు.

అన్నకి ఫోన్ చేశాం. వచ్చి తన టోకెన్ పెట్టాడు. ఆ ప్రొవైడర్ బ్లాక్ మళ్లీ రాసి అప్లై చేస్తే గానీ సర్వర్ పోలేదు. కట్టడానికే కాదు, కూల్చడానికీ అదే ప్లగిన్ కావాలి మరి.

పాత ప్రాజెక్ట్ మీ చేతికొస్తే ముందు ఈ కమాండ్ కొట్టండి. పైభాగం చూసి ఆగకండి, కింది వరసలూ చదవండి. అక్కడ ఎవరి జేబుకో చిల్లు పడుతూ ఉండొచ్చు.